నేషనల్ పార్కులు ప్రభుత్వానివే కదా, మళ్లీ విరాళాలు దేనికి?

ట్యాక్సులు కడుతూనే ఉన్నాం కదా, అమెరికా పార్కుల్లో ఈ విరాళాల డబ్బాలెందుకని ఒకరు అడిగారు. అట్లాంటా వాళ్లం కాబట్టి మేం ఎక్కువగా వెళ్లేది టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌కి. ఆ పార్కు పుట్టిందే చందాలతో.

1920లలో ఆ కొండల్లో చాలా భాగం కలప కంపెనీల చేతుల్లో ఉండేది. మిగతాది చిన్న రైతులది. పార్కు కోసం భూమి కొనడానికి ఫెడరల్ ప్రభుత్వం మొదట్లో డబ్బివ్వలేదు. టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాలు చెరో 20 లక్షల డాలర్లు పెట్టాయి. బడిపిల్లలు కూడా చిల్లర పోగుచేసి ఇచ్చారు. అయినా చాలలేదు. 1928లో చమురు కోటీశ్వరుల ఇంటి వారసుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ వాళ్లమ్మ పేరుమీద ఉన్న నిధి నుంచి 50 లక్షలు ఇప్పించాడు. ఆ తర్వాతే పని ఊపందుకుంది, 1934లో పార్కు ఏర్పడింది. మనవాళ్లు పార్కులోని కనుమ న్యూఫౌండ్ గ్యాప్‌లో ఎక్కి ఫొటోలు దిగే రాతి కట్టడం ఆ విరాళానికి గుర్తుగా కట్టిందే. (అక్కడి ఫలకం చదివేవాళ్లని తక్కువే చూశాను.)

అంతా మంచే జరిగిందనను. ఆ భూములు అమ్మి వెయ్యిమందికి పైగా ఊళ్లు వదలాల్సి వచ్చింది. చాలామంది ఇష్టపడి పోలేదు. పార్కులోని లోయ కేడ్స్ కోవ్‌లో మనం ముచ్చటపడే ఆ చెక్క ఇళ్లు, చర్చిలు వాళ్లవే.

ఇప్పటి సంగతికొస్తే, ఈ పార్కుకి ఎంట్రీ ఫీజు లేదు. 2023 నుంచి మాత్రం 15 నిమిషాలు దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. 1993లో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ ద స్మోకీస్’ సంస్థ విరాళాలు సేకరించి ట్రెయిల్స్ (నడకదారులు) బాగుచేయడానికి, పురుగు పట్టి ఎండిపోతున్న హెమ్లాక్ చెట్లకు మందు వేయడానికి ఇస్తుంది.

ఆఫీసు వాళ్లతో కలిసి ఒకసారి ట్రెయిల్ పనికి వెళ్లాను. వాన నీళ్లు పోయే కాలవల్లో మట్టి తీయడం, కంకర మోయడం, అంతే. సాయంత్రానికి నడుం పట్టేసింది. మాతో ఉన్న పార్కు ఉద్యోగి ఒకాయన, “వంతెన కట్టిస్తామని దాతలు వస్తారు, టాయిలెట్లు కడిగేవాళ్ల జీతానికి ఎవరూ రారు” అన్నాడు. నాకూ అదే అనిపిస్తుంది. భూమి కొనడం లాంటి ఒక్కసారి ఖర్చుకి దాతలు బాగా పనికొస్తారు. నెలనెలా జీతాలు మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి, దాతలున్నారు కదా అని బడ్జెట్ కోస్తే ఊరుకోకూడదు.

మీరు ఇవ్వాలనుకుంటే ముందు మీ కంపెనీలో మ్యాచింగ్ ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి. ఉంటే చాలా కంపెనీల్లో మీరిచ్చినంత వాళ్లూ కలుపుతారు.