పై అంతస్తు ఇంటికి ముందు ఏసీనా, సోలారా?

పై అంతస్తు గదులు రాత్రి పన్నెండైనా చల్లబడటం లేదని, రెండో ఏసీ కొని బిల్లు కోసం సోలార్ పెట్టించుకోవచ్చా అని అడిగారు. ఆ రెండిటికంటే ముందు స్లాబు సంగతి చూడండి. మాది ఖమ్మం. మాదీ మీలాంటి పై అంతస్తే. మేం ముందు ఏసీ కొని, తర్వాత స్లాబు గురించి ఆలోచించాం. ఆ వరుస మీరు చేయకూడదనే ఇంత రాస్తున్నాను.

రాత్రి తొమ్మిదికి చెప్పుల్లేకుండా డాబా మీద నిలబడండి. కాళ్లు చురుక్కుమంటే గదిలో ఉడుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసినట్టే. పొద్దంతా ఎండ పీల్చుకున్న కాంక్రీటు ఆ వేడిని రాత్రంతా కిందికి వదులుతూనే ఉంటుంది. మా అమ్మ పడుకునేది పడమటి గదిలో. ఆవిడకు నిద్ర పట్టడం లేదనే ఏసీ పెట్టించాం. తెల్లవార్లూ ఆగకుండా నడిచేది. ఆ మే నెలలో 430 యూనిట్లు కాలాయి. అయినా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉండేది.

మరుసటి ఏడు శివరాత్రి వెళ్లగానే డాబా అంతా కడిగించి, సున్నంలో తెల్ల సిమెంటు, కొంచెం జిగురు కలిపి రెండు పూతలు వేయించాం. ఆ వేసవిలో ఏప్రిల్ సగం దాకా అమ్మ ఫ్యాన్‌తోనే పడుకుంది. నేనైతే ఇంత తేడా ఉంటుందనుకోలేదు. కాకపోతే సున్నం వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే. ఇప్పుడు ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు, అదే కూల్ రూఫ్ పెయింటు, వేయించాం. ఖర్చెక్కువే, కానీ కొన్నేళ్లు ఉంటుంది. దుమ్ము పేరుకుంటే మాత్రం కడగాలి, మాసిన తెలుపు ఎండను అంతగా తిప్పికొట్టలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఏకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందంటే విషయం చిన్నది కాదు.

పడమటి కిటికీకి బయటివైపు వట్టివేళ్ల తడక కట్టి తడుపుతున్నాం. మా దగ్గర మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. మీది సముద్రం దగ్గరి ఊరైతే దీనికి, కూలర్‌కి డబ్బు పెట్టకండి, ఉక్క ఇంకా పెరుగుతుంది. పాత ఫ్యాన్లు తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకోండి. పాతవి 75 వాట్ల దాకా లాగితే ఇవి 30 వాట్లతో తిరుగుతాయి.

ఇవన్నీ అయ్యాకే సోలార్ లెక్క వేశాం. ముందు 5 కిలోవాట్లు అనుకున్నది 3 కిలోవాట్లతో సరిపోయింది. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు. అంతకన్నా పెద్దది పెట్టినా ఆ మొత్తం పెరగదు. ఏడాది మొత్తం మీద రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తున్నాయి. ఎండ ఎక్కువైతే కరెంటూ ఎక్కువే అనుకోకండి. ప్యానెల్ బాగా వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. మాకు మార్చిలో వచ్చినంత మేలో రాదు.

ప్యానెళ్లను స్లాబుకు ఆనించి పెట్టించకండి. మేం 8 అడుగుల ఎత్తులో స్ట్రక్చర్ వేయించాం. కింద నీడ, బట్టలారేసుకోవడానికి చోటు, గాలి ఆడటం వల్ల ప్యానెళ్లకూ మంచిది. అయితే మాకు బిగించినవాళ్లు స్లాబుకే రంధ్రాలు కొట్టి బోల్టులు వేశారు. మొదటి వానకే హాల్లో చెమ్మ దిగింది. తర్వాత కాంక్రీటు దిమ్మెలు కట్టించి స్ట్రక్చర్ కాళ్లు వాటిలోకి మార్పించాం. ఏప్రిల్, మే ఈదురుగాలులకు అవి గట్టిగా ఉండాలి కాబట్టి ఈ మాట ముందే మాట్లాడుకోండి.

ఇంకొకటి. మాలాగా గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు, కలిపిన సోలార్, లైన్‌లో కరెంటు పోతే పట్టపగలు కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణాలకోసం పెట్టిన జాగ్రత్త అది. అందుకే అమ్మ గదిలో ఫ్యాన్‌కు పాత ఇన్వర్టర్, బ్యాటరీ అలాగే ఉంచాం. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ తీసేయకండి.