తాతయ్య, నానమ్మల సంక్రాంతి కానుకకు పర్సనల్ లోన్ ఎందుకు?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నా జీతం చేతికి రూ.82,000 వస్తుంది, ఇంటి ఖర్చులు రూ.66,000 దాకా అవుతాయి. బ్యాంకులో రూ.45,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ రూ.38,000 ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. ఈ సంక్రాంతికి కోనసీమలో ఉన్న మా అమ్మానాన్నలకు, ఖమ్మం దగ్గర ఉన్న అత్తమామలకు చెరొక టీవీ, పట్టుబట్టలు పెట్టాలని ఉంది. మొత్తం రూ.1,20,000 అవుతుంది. పర్సనల్ లోన్ తీసుకోవాలా, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోవాలా? మా పిల్లలు (11, 8 ఏళ్లు) తామే ఏదైనా చేసి ఇస్తామంటున్నారు, కానీ పెద్దవాళ్ల దగ్గరికి కాగితం ముక్కలతో వెళ్తే బాగుంటుందా అని సందేహం. నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మకు 66, మామగారికి 68, అత్తగారికి 63. వారికి ఆరోగ్య బీమా లేదు.

జవాబు: ఏటా ధనుర్మాసం మొదలవగానే ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి కాబట్టి మీ ఒక్కరికే కాకుండా అందరికీ ఉపయోగపడేలా జవాబు రాస్తున్నాను. మీరు అడిగిన రెండు దారులూ వద్దు. మీ పిల్లలు చెప్పినదే సరైన మాట.

లోన్ సంగతి ముందు చూద్దాం. రూ.1,20,000ను 16 శాతం వడ్డీకి రెండేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు సుమారు రూ.5,876 కట్టాలి, వడ్డీయే దాదాపు రూ.21,000 అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ అదనం. లెక్క ప్రకారం మీకు నెలకు మిగిలేది రూ.16,000. అందులో మూడో వంతుకు పైగా రెండు సంక్రాంతుల పాటు రెండు టీవీలకే పోతుంది. కార్డు దారి ఇంకా ప్రమాదకరం. పాత బాకీ పూర్తిగా తీర్చకుండా కనీస మొత్తమే కడుతున్నప్పుడు, ఆ కార్డుపై కొత్తగా చేసే మామూలు కొనుగోళ్లకు కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నో కాస్ట్ ఈఎంఐ వాయిదా కూడా నెల బిల్లులోనే చేరుతుంది, ఆ బిల్లు పూర్తిగా కట్టకపోతే దానిపైనా వడ్డీ పడుతుంది. నెలకు మూడు, మూడున్నర శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది 40 శాతం దగ్గరికి చేరుతుంది. లోన్ యాప్‌ల గురించి మీరు అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా రానివ్వకండి.

ఇప్పుడు అసలు సమస్య. మీ దగ్గరున్న రూ.45,000 మీ ఇంటికి మూడు వారాల ఖర్చు కూడా కాదు. నలుగురు పెద్దవారు ఊళ్లలో ఉన్నారు, ఒక్కరికీ బీమా లేదు. అర్ధరాత్రి ఫోన్ వచ్చి ఎవరినైనా కాకినాడకో ఖమ్మానికో తీసుకెళ్లాల్సి వస్తే, ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టేందుకు మీరు ఏం తీస్తారు? పండుగ ఏ తేదీన వస్తుందో ఏడాది ముందే క్యాలెండర్‌లో ఉంటుంది, అనారోగ్యానికి అలాంటి తేదీ ఉండదు. తెలిసిన తేదీకి అప్పు చేసి, తెలియని తేదీకి ఖాళీ చేతులతో నిలబడే పొరపాటు మంచి జీతాలున్న ఇళ్లలోనూ చూస్తున్నాను.

కాబట్టి బ్యాంకులో ఉన్న దానిలో రూ.25,000 ఈ వారమే కార్డుకు కట్టండి. మిగిలిన బాకీ వచ్చే జీతంలో తీర్చి, కార్డును కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఫిబ్రవరి నుంచి నెలకు రూ.12,000 చొప్పున అత్యవసర నిధికి వేస్తే డిసెంబరు నాటికి రూ.1,32,000 అవుతుంది, ఇప్పుడు ఉంచుకున్న రూ.20,000తో కలిపితే రెండు నెలల ఖర్చు దాటుతుంది. మీ లక్ష్యం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3,96,000. అక్కడికి చేరేదాకా షేర్లు, చిట్టీలు, స్థలం వాయిదాలు ఏవీ కొత్తగా మొదలుపెట్టకండి. వచ్చే ఏడాది కానుకలకు నెలకు రూ.1,500తో రికరింగ్ డిపాజిట్ సరిపోతుంది.

ఇక పిల్లల కానుకలు. వాటిని కాగితం ముక్కలని తీసిపారేయకండి. 21 ఖాళీ అగ్గిపెట్టెలను మూడు వరుసలుగా అతికించి, పాత శుభలేఖల అట్టతో చుట్టూ కట్టి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని రంగులతో రాస్తే వారానికి సరిపడా మందుల పెట్టె తయారవుతుంది. మాత్రలను రేకు నుంచి విప్పకుండా, రేకుతో సహా కత్తిరించి పెట్టమని చెప్పండి. తేమకు పాడవకుండా ఉంటాయి. పెద్దమ్మాయో అబ్బాయో రోజూ సాయంత్రం ఫోన్ చేసి నానమ్మ చేత సున్నుండలు, అరిసెల పాకం, గోంగూర పచ్చడి కొలతలు చెప్పించుకుని, తన దస్తూరితో తెలుగులో నోటుపుస్తకంలో రాస్తే, అది ఆమెకు ఇచ్చే కానుక అవుతుంది, మీ ఇంటికి మిగిలే ఆస్తీ అవుతుంది. చిన్నవారు ప్రతి వంటకూ ఒక బొమ్మ వేయవచ్చు. పాత ఫొటోలు ప్రింటు వేయించి ఆల్బమ్ చేయడానికి కొన్ని వందలు చాలు. రెండు ఇళ్లకూ కలిపి వెయ్యి రూపాయలు దాటనక్కర్లేదు. భోగి నాడు మనవల తల మీద రేగుపళ్లు పోసే ఆ పెద్దవాళ్లకు, ఆ చిన్న చేతులతో చేసిన వస్తువు తక్కువగా అనిపిస్తుందని నేను అనుకోను.

అన్నిటికంటే నేను పట్టుబట్టి చేయించమనేది ఒక చిన్న పుస్తకం. నలుగురికీ ఒక్కొక్కటి. పెద్ద అక్షరాలతో బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు, డాక్టరు నంబరు, మీ నంబరు, పక్కింటివారి నంబరు, 108 పిల్లల చేత రాయించి, వెనుక అట్టకు జేబు కుట్టి ఆధార్ నకలు, ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే దాని నకలు పెట్టించండి. ఆపద సమయంలో నిజంగా వెతుక్కునేది ఇవే.

బీమా కూడా ఈ ప్రయాణంలోనే మొదలుపెట్టండి. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మీ నాన్నగారు అర్హులు. మిగతా ముగ్గురికీ వయసు మీరిందని వెనుకాడకండి, 65 ఏళ్లు దాటితే పాలసీ ఇవ్వరన్న పరిమితిని 2024లో తొలగించారు. అయితే ఇప్పటికే ఉన్న బీపీ, షుగర్ వంటి జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు, అంటే అప్పటిదాకా వాటి చికిత్సకు బీమా డబ్బు రాదు, అందుకే ఆలస్యం చేయకూడదు. ఏ జబ్బునూ దాచకుండా ప్రపోజల్ ఫారంలో రాయండి. ఊరు చేరగానే నాన్నగారి ఆధార్‌తో కార్డుకు నమోదు చేయించి, ఆ పథకం జాబితాలో ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరును పిల్లలు చేసిన పుస్తకంలో మొదటి పేజీలోనే రాయించండి.