విమానం ఎక్కే ముందు ఇంట్లో కంప్యూటర్ సంగతి చూడండి

కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా బయల్దేరే పిల్లలు నన్ను అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే. ఏ లాప్‌టాప్ తీసుకోవాలి, అది అక్కడి కరెంటుకి పనిచేస్తుందా, తెలుగు సినిమాలు ఎలా చూడాలి. అన్నిటికీ చెప్తాను. కానీ ఎవరూ అడగని సంగతి ఒకటుంది, నా లెక్కలో అదే ముఖ్యం. మీ లాప్‌టాప్ సంగతి ఎలాగైనా తేలుతుంది. నాన్నగారి కంప్యూటర్, అమ్మ ఫోన్ మాత్రం చెన్నైలో విమానం ఎక్కకముందే సర్దిపెట్టి రండి.

ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో కంప్యూటర్ మెకానిక్ మీరే. ప్రింటర్ కదలకపోయినా, కరెంటు బిల్లు కట్టేటప్పుడు పేజీ ఆగిపోయినా పిలుపు మీకే వచ్చేది. నేనుండే డాలస్‌కీ నెల్లూరుకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, ఎండాకాలంలో పదిన్నర. అక్కడ రాత్రి తొమ్మిదికి నాన్నగారు తీరిగ్గా కూర్చునే వేళకి ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర, మీరు క్లాసులోనో మీటింగులోనో ఉంటారు. "అబ్బయా, ఇందులో ఏదో వచ్చిందిరా" అని ఆయన అంటే ఆ 'ఏదో' ఏమిటో ఫోనులో విని కనుక్కోవడం మహా కష్టం.

దూరం నుంచే ఇంకొకరి కంప్యూటర్ స్క్రీన్ చూసి సాయం చేయడానికి విండోస్‌లో క్విక్ అసిస్ట్ అని ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ కీలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. విండోస్ 10లో లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. సాయం చేసే మీకు మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే చాలు, నాన్నగారికి అక్కర్లేదు. మీ స్క్రీన్ మీద వచ్చిన కోడ్ ఆయనకి చదివి చెప్తారు, ఆయన కొట్టి 'అలౌ' అంటారు, ఆయన స్క్రీన్ మీకు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు గాబరాపడే చోటు ఒకటుంది. ఏదైనా ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ అనుమతి అడుగుతుంది, ఆ క్షణంలో మీ వైపు స్క్రీన్ నల్లబడిపోతుంది. కనెక్షన్ తెగిందేమోనని టెన్షన్ పడొద్దు. అనుమతి పెట్టె అక్కడ నాన్నగారి ముందు కనిపిస్తూనే ఉంటుంది. ఆయన 'యెస్' నొక్కితే మీకు మళ్ళీ బొమ్మ వస్తుంది. ఈ తతంగమంతా వెళ్ళే ముందే, మీరు పడకగదిలో ఆయన హాల్లో కూర్చుని, నాలుగైదుసార్లు చేయించండి. కాగితం మీద తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటించండి.

అమ్మ ఫోనుకైతే వాట్సాప్ వీడియో కాల్ చాలు. 2023 నుంచి అందులో స్క్రీన్ షేర్ ఉంది. ఆమె నొక్కుతుంటే మీరు చూస్తూ చెప్పొచ్చు. స్క్రీన్ షేర్‌లో ఉండగా బ్యాంకు యాప్ తెరవకూడదని మాత్రం గట్టిగా చెప్పండి. మోసగాళ్ళు వాడేది కూడా ఈ దారే.

దీని మీద ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళకి ఇలాంటి ఫోన్లు వస్తున్నాయి. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపండి" అంటారు, వెనకాల ఏడుపు కూడా వినిపిస్తారు. లేదా మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశామని వీడియో కాల్‌లో బెదిరిస్తారు. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి, మీ కుక్కపిల్ల పేరో, చిన్నప్పటి టీచరు ముద్దుపేరో. మీ గొంతుతో ఎవరు డబ్బడిగినా అమ్మ ముందు ఆ మాట అడగాలి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు కూడా మానిటర్ పక్కన కాగితం మీదే ఉండాలి.

నాన్నగారి కంప్యూటర్ విండోస్ 10 అయితే, మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. పాత మెషీన్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అది టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. ఇంట్లో యూట్యూబ్, పేపరు, మెయిల్ మాత్రమే చూస్తే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చేయండి, హాయిగా నడుస్తుంది. కొట్టు లెక్కలు ట్యాలీలో రాసే ఇల్లయితే విండోస్ తప్పదు, కొత్త మెషీన్ కొనడమే మంచిది.

రౌటర్ సంగతి కూడా చూడండి. నవంబర్, డిసెంబర్‌లో వాయుగుండం పడితే మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇన్వర్టర్ ఉంటే రౌటర్ ప్లగ్గుని ఆ లైనులోకి మార్పించండి. లేకపోతే రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ కొనండి. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చూసుకోండి. ఎక్కువగా 12 వోల్టులుంటుంది. వానలో ఇంటికి ఫోన్ కలవకపోతే ఇక్కడ పడే బాధ మీకు ఇంకా తెలియదు.

ఇక మీ సామాను. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. లాప్‌టాప్ అడాప్టర్ మీద 100-240 అని రాసుంటే పిన్ను మార్చే చిన్న ప్లగ్గు చాలు. మిక్సీ మాత్రం తేవొద్దు, మోటారు సరిగ్గా తిరగదు. పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఇండియా సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించి, రీచార్జి గడువు తీరకుండా చూసుకోండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

లాప్‌టాప్ నెమ్మదించిందని కొత్తది కొనేయకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకపోయినా డిస్క్ అన్న గడిలో 100 శాతం దగ్గరే ఉంటే, లోపల పాత హార్డ్ డిస్క్ తిరుగుతుంటే, దోషం చాలావరకు దానిదే. నెల్లూరులో ఉండగానే దాని బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించుకోండి. ఇక్కడ విప్పి బిగించే కూలికే బోలెడు అడుగుతారు. డిస్క్ బాగానే ఉండి ఆన్ అవడానికి మాత్రమే టైం పడుతుంటే స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి ఆపేయండి.

పెళ్ళి పత్రిక ఫైలు ఇంటి నుంచి వస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తోందని చాలామంది అడుగుతారు. ఫైలు పాడవలేదు. డీటీపీ షాపుల్లో ఇంకా అను ఫాంట్లు వాడతారు, అవి అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు. పీడీఎఫ్ చేసి పంపమనండి.

వినోదానికి నా మొదటి సలహా ఓటీటీ కాదు, అమెరికాలో మీరుండే ఊరి పబ్లిక్ లైబ్రరీ. అద్దె ఇంటి చిరునామా చూపిస్తే కార్డు ఇస్తారు, ఉచితం. ఆ కార్డుతో లిబీ యాప్‌లో పుస్తకాలు, ఆడియో పుస్తకాలు వస్తాయి. కానోపీ అనే సినిమాల యాప్‌కి మీ లైబ్రరీ సభ్యత్వం కట్టి ఉంటే, అందులో మంచి మంచి ప్రపంచ సినిమాలు మీరు పైసా లేకుండా చూడొచ్చు. తెలుగుకి ఆహా, ఈటీవీ విన్ ఉన్నాయి, నలుగురు రూమ్మేట్లు కలిసి ఇంటి టీవీలో చూసుకుంటే భారం కాదు. ఆకాశవాణి వినాలంటే ప్రసార భారతి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది. నెల్లూరు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పేది, మన తిక్కన గారి భారతం తాత్పర్యంతో సహా టీటీడీ ఈ-బుక్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. విరాటపర్వం నుంచి మొదలుపెట్టండి. పద్యం గొంతెత్తి చదివితే పరాయి దేశంలో అపార్ట్‌మెంట్ కూడా సొంత ఇల్లు అనిపిస్తుంది, ఇది నా అనుభవం.

టోరెంట్‌లో దొంగ సినిమాలు దించుకునే జోలికి మాత్రం పోకండి. యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో వాడితే కాపీరైట్ నోటీసు నేరుగా మీ పేరు మీదే రావచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళకి అలాంటి తలనొప్పి ఎందుకు.

వీడియోలు చూడటానికి వీఎల్‌సీ ఒక్కటి చాలు. మాట ఒకప్పుడు, పెదాల కదలిక ఒకప్పుడు వస్తుంటే జె, కె కీలు నొక్కుతూ సరిచేయొచ్చు. సబ్‌టైటిల్స్‌కి జి, హెచ్. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా పెద్ద సినిమా ఎక్కట్లేదంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని అర్థం. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. డేటా వేరే చోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి.

బీరువాలో అమ్మానాన్నల పెళ్ళి డీవీడీ ఉంటుంది చూడండి, ఈ వారమే బయటికి తీయండి. ఏళ్ళు గడిచేకొద్దీ డిస్కులు చదవడం మానేస్తాయి. ఊళ్ళో వీడియోగ్రాఫర్ ఇచ్చిన డిస్కుకి మామూలుగా తాళాలేమీ ఉండవు. తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది, దాన్ని మొత్తంగా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే చాలు. క్యాసెట్టే ఉంటే నెల్లూరులోనో ఒంగోలులోనో స్టూడియోలో మార్పించండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎంపీ4గా మార్చి, ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి అమ్మ ఫోనులో పెట్టండి. కాపీ అయిందని వదిలేయకుండా మొదలు, మధ్య, చివర కాస్త కాస్త నడిపి చూసుకోండి. డిస్క్ మీద గీతలుంటే ఎక్కడైనా ఆగిపోవచ్చు.