గడ్డి మనుషులు తలుపు కొడితే?

ప్రశ్న: మేం ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊరికి వచ్చి నాలుగు నెలలే అయింది. క్రిస్మస్ మర్నాడు ముఖాలు కప్పుకున్నవాళ్లు ఇంటికొస్తారని పక్కింటావిడ చెప్పింది. పాపకి ఐదేళ్లు. ఆ రోజు మావారికి డ్యూటీ. తలుపు తీయాలా, వద్దా?

జవాబు: తీయండి. తీయనందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మా మొదటి చలికాలంలో డింగిల్ దగ్గర ఓ పల్లెలో అద్దెకుండేవాళ్లం. 26 మధ్యాహ్నం డప్పు వినపడి కర్టెన్ పక్కకి లాగి చూశాను. అరడజను మంది, ఒంటినిండా గడ్డి. గడ్డి టోపీలు మెడ దాకా దిగి కళ్లు కూడా కనపడటం లేదు. లైట్లు ఆర్పేసి వంటింట్లో దాక్కున్నాం. మావారైతే ఫోన్‌లో ఎమర్జెన్సీ నంబర్ 999 కొట్టి పట్టుకుని కూర్చున్నారు! వాళ్లు గుమ్మంలోనే ఒక పాట వాయించి వెళ్లిపోయారు. బయట నాలుగు గడ్డిపోచలు మిగిలాయి. ఆ డప్పు వాయించింది మా పాపకి రోజూ చెయ్యి ఊపే ఎదురింటి తాతని తర్వాత తెలిసింది.

క్రిస్మస్ మర్నాడు, అంటే సెయింట్ స్టీఫెన్స్ డేని ఐరిష్ భాషలో 'లా అన్ డ్రోలీన్' అంటారు, అంటే రెన్ పిట్ట రోజు. మనముండే ఈ కెర్రీ కౌంటీవాళ్ల నోట 'రెన్' కాస్తా 'రాన్'. తోక నిక్కబొడుచుకుని తిరిగే పది గ్రాముల పిట్ట. అందరికంటే పైకెగిరినవాళ్లే రాజన్న పందెంలో గద్ద రెక్కల్లో నక్కి, అది అలిసిపోయాక ఇంకాస్త పైకెగిరి పక్షులకి రాజైందట. అంత రాజునీ పూర్వం చంపి కర్రకి కట్టి, పూడ్చడానికి డబ్బులివ్వమని ఇల్లిల్లూ తిరిగేవారు. ఇప్పుడు బొమ్మ పిట్టే. వచ్చిన డబ్బు చాలాచోట్ల విరాళంగా ఇచ్చేస్తారు. దసరాకి మన పంతుళ్లు పిల్లల్ని వెంటేసుకుని 'అయ్యవారికి చాలు ఐదు వరహాలు' అని తిరిగేవారు చూడండి, ఇంచుమించు అలాగే.

చిల్లర దగ్గర పెట్టుకోండి, రెండు యూరోలైనా చాలు. లోపలికి పిలవక్కర్లేదు. ముసుగు తీయమని మాత్రం అడక్కండి, ఎవరో కనిపెట్టడంలోనే సరదా అంతా. ఒంటరిగా భయమనిపిస్తే పక్కింటావిడని రమ్మనండి. పాపకి ముందే ఫొటోలు చూపించి, డబ్బాలో నాణెం తననే వేయమనండి.

నిజం చెప్పాలంటే, టౌన్లలో ఇంటింటికీ రావడం తగ్గింది. ఎవరూ రాకపోతే వచ్చే ఏడాది డింగిల్ వెళ్లండి, ఓ 50 కిలోమీటర్లు. అక్కడ వీధులన్నీ వాళ్లవే. తెల్లగుర్రం వేషం దవడలు టపటపలాడిస్తూ మీదికొస్తుంది, పాపని ఎత్తుకోండి.

ఆ చిల్లర డబ్బా వెంటనే తీసేయకండి. జనవరి ఆఖర్లో ఇక్కడివాళ్లు కొలిచే సెయింట్ బ్రిజిడ్ బొమ్మ పట్టుకుని, ఇలాగే వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగే 'బిడ్డీలు' వస్తారు.