కెన్యా, టాంజానియా షిల్లింగులు: ఒకటికి ఒకటి నుంచి ఒకటికి ఇరవై దాకా

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఒకప్పుడు సమానంగా ఉన్న ఈ రెండు షిల్లింగులు ఎప్పుడు విడిపోయాయన్నది ఒకటి. పాత రేట్ల పట్టికల్లో 1985 వరకు దాదాపు సమానంగా కనిపించే విలువ 1986లో ఒక్కసారిగా ఎందుకు కూలిపోయిందన్నది రెండవది. నైరోబీలోని ఒక వ్యాపార సంస్థ లెక్కలు చూస్తూ, టాంజానియాలోని ఆరూషాలో ఉన్న దాని శాఖ ఖాతాలను కెన్యా షిల్లింగుల్లోకి మార్చే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పదలచినది ఇది: 1986 టాంజానియా షిల్లింగు విలువ పడిపోయిన సంవత్సరం కాదు, పడిపోయిందని ప్రభుత్వం ఒప్పుకొన్న సంవత్సరం.

మొదట్లో ఇవి రెండు కరెన్సీలు కానే కావు. తూర్పు ఆఫ్రికాలో మన భారతీయ రూపాయి చెలామణి అయిన కాలం ముగిశాక, 1920లో ఫ్లోరిన్, ఆ వెంటనే 1921లో షిల్లింగు వచ్చాయి. లండన్‌లోని తూర్పు ఆఫ్రికా కరెన్సీ బోర్డు 20 షిల్లింగులకు ఒక పౌండు చొప్పున విలువను స్థిరంగా ఉంచింది. 1966లో కెన్యా, టాంజానియా, ఉగాండా వేర్వేరు కేంద్ర బ్యాంకులు పెట్టుకుని ఎవరి షిల్లింగు వారు ముద్రించుకున్నా, మూడింటి విలువా ఒక్కటిగానే ఉండేది. 1967 నవంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించినప్పుడు ఈ దేశాలు దానిని అనుసరించలేదు, డాలరుకు 7.14 షిల్లింగుల దగ్గరే నిలిచాయి.

అసలు తేడా 1970ల చివర మొదలైంది. 1977లో ఈ మూడు దేశాల ఉమ్మడి కూటమి అయిన తూర్పు ఆఫ్రికా సమాజం కూలిపోయింది, టాంజానియా కెన్యాతో సరిహద్దు మూసివేసింది. ఆ తరువాత 1978-79లో ఉగాండా నియంత ఇదీ అమీన్ సైన్యంతో యుద్ధం, 1979 చమురు ధరలు, తగ్గిన కాఫీ ఆదాయం టాంజానియా డాలరు నిల్వలను ఖాళీ చేశాయి. విలువ తగ్గించమని అంతర్జాతీయ ద్రవ్యనిధి పట్టుబట్టగా అధ్యక్షుడు నైరేరే చాలాకాలం నిరాకరించారు. 1983లో డాలరు అధికారిక సగటు రేటు టాంజానియాలో దాదాపు 11, కెన్యాలో 13 ఉండడం చూస్తే, కాగితం మీద టాంజానియా షిల్లింగే బలమైనదని అనిపిస్తుంది. కాని ఆ రేటుకు డాలర్లు దొరికింది దిగుమతి లైసెన్సు చేతికి వచ్చిన కొద్దిమందికే. సబ్బు, పంచదార, వంటనూనె అంగళ్లలో కరువైన ఆ రోజుల గురించి ఆరూషాలో గుజరాతీ వ్యాపార కుటుంబాల పెద్దలు నాకు ఇప్పటికీ వివరంగా చెబుతుంటారు. అదే 1983లో ‘ఆర్థిక విద్రోహుల’ పేరిట ప్రభుత్వం వ్యాపారులను అరెస్టు చేయించిందంటే, బయట దొంగబజారు రేటుకూ పట్టికలోని అధికారిక రేటుకూ మధ్య ఎంత అంతరం ఏర్పడిందో ఊహించవచ్చు. కాబట్టి ఆ కాలపు అధికారిక రేటు ఆధారంగా ఎవరైనా రెండు దేశాల ధరలను పోలిస్తే, ఆ పోలికను నేను అంగీకరించను.

నైరేరే 1985లో పదవి వదిలాక, మ్విన్యీ ప్రభుత్వం 1986లో ద్రవ్యనిధితో ఒప్పందం చేసుకుంది. డాలరు రేటు 17 ప్రాంతం నుంచి 40కి, 1990 నాటికి 195 దాకా వెళ్లింది. అప్పటికి కెన్యాలో డాలరు 23 షిల్లింగులు కనుక, ఒక కెన్యా షిల్లింగుకు ఎనిమిదిన్నర టాంజానియా షిల్లింగులు వచ్చేవి.

ఇక్కడ చాలామంది గమనించని మలుపు ఒకటుంది. ఈ రేటు ఒకే దిశలో నడవలేదు. 1992 ఎన్నికల చుట్టూ అదుపు తప్పిన నోట్ల ముద్రణ, బంగారం ఎగుమతుల పేరిట ప్రభుత్వ సొమ్ము కాజేసిన గోల్డెన్‌బర్గ్ కుంభకోణం కెన్యా షిల్లింగును దెబ్బతీయడంతో, 1993లో డాలరు సగటున 58కి చేరింది. టాంజానియాలో అది 405. అంటే ఒకటికి ఏడు. ఆ తరువాతి కాలంలో టాంజానియా షిల్లింగు నెమ్మదిగా తగ్గుతూ, 2000లో ఒకటికి పదిన్నర, 2010 నాటికి దాదాపు పద్దెనిమిది అయింది.

మొన్నమొన్నటి ఉదాహరణ నా చేతుల మీదుగానే నడిచింది. 2024 జనవరిలో, జూన్‌లో తీర్చవలసిన 200 కోట్ల డాలర్ల యూరోబాండు (విదేశీ మదుపుదారుల నుంచి డాలర్లలో తీసుకున్న అప్పు) భయంతో కెన్యాలో డాలరు 160 దాకా వెళ్లినప్పుడు, మా ఆరూషా ఖాతాలను ఒకటికి పదహారు కంటే తక్కువ రేటున మార్చవలసి వచ్చింది. ఫిబ్రవరిలో 150 కోట్ల డాలర్ల కొత్త బాండు అమ్ముడుపోగానే షిల్లింగు కోలుకుంది. సంవత్సరం మధ్యకు మళ్లీ ఇరవై. ఆ కొద్ది నెలల్లో ఆరూషా వ్యాపారంలో మార్పేమీ లేకపోయినా, నైరోబీ పుస్తకాల్లో దాని లాభం పెరిగి, తిరిగి తగ్గినట్లు కనిపించింది.

మీరు పట్టిక తయారు చేసుకోదలిస్తే, రెండు కేంద్ర బ్యాంకుల డాలరు రేట్లు తీసుకుని ఒకదానిని మరొకదానితో భాగించండి. బ్యాంకులు కూడా సాధారణంగా డాలరు మీదుగానే లెక్క కడతాయి. నమంగా సరిహద్దులో నోట్లు మార్చేవారి రేటు దీనికి కాస్త అటూఇటూగా ఉంటుంది. 1979 నుంచి 1992 వరకు టాంజానియా అంకెల పక్కన మాత్రం ‘అధికారిక రేటు’ అని తప్పక రాయండి.