రైలు కొండ ఎక్కుతోందా, దిగుతోందా?

కృష్ణరాజపురం,
బెంగళూరు

అమ్మాయికి ఆశీస్సులు.

సకలేశపుర, నీలగిరి కొండల్లో కారులో రైళ్ల వెంట తిరిగి నువ్వు రాసి పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఫొటోలు, వీడియోలు కూడా చూశాను. సకలేశపుర పక్కన దోణిగల్ దగ్గర వాన పొగలోంచి ఇంజిన్ ముఖం బయటికి వస్తున్న ఫొటో నాకు చాలా నచ్చింది. అలాంటిది దొరకాలంటే ఎంత ఓపిక పట్టాలో ఊహించగలను. కానీ ఆ ఫొటో కింద నువ్వు రాసిన పేరా అంతా వెతికినా ఒక్క సంగతి దొరకలేదు. ఆ రైలు కొండ ఎక్కుతోందా, దిగుతోందా?

కొండల్లో రైలు గురించి రాసేవాళ్లు ముందు చెప్పాల్సింది ఇదే. మిగతాదంతా దీని వెనకే వస్తుంది. కర్ణాటకలో పైనున్న సకలేశపుర నుంచి కిందనున్న సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్ దాకా సుమారు 55 కిలోమీటర్ల ఘాట్, అంటే కొండదారి. అక్కడి వాలు 50కి 1, అంటే 50 మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు పైకి. కారులో కూర్చున్న మనకి అది వాలులాగే అనిపించదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి మాత్రం అది పెద్ద పరీక్ష. 600 మీటర్ల పొడవున్న గూడ్సు బండి ఆ వాలు మీద ఉందనుకో. దాని ఇంజిన్ చివరి వ్యాగన్ కంటే 12 మీటర్లు ఎత్తులో ఉంటుంది. ఒకే బండి, తలకీ తోకకీ మధ్య నాలుగంతస్తుల మేడంత తేడా! ఇది నీ ఫొటోలో కనిపించదు. కెమెరాకి అందని ఈ బరువును పాఠకుడికి చూపించాల్సింది నీ వాక్యమే.

కింద మంగళూరు వైపు నుంచి బరువుతో కొండ ఎక్కడానికి వచ్చే గూడ్సు బండ్లకు సుబ్రహ్మణ్య రోడ్‌లో వెనక బ్యాంకర్ ఇంజిన్లు తగిలిస్తారు. ముందున్నవి లాగుతాయి, వెనకున్నవి తోస్తాయి. నీ మొదటి వీడియోలో బండి దాటిపోయాక చివర్లో మళ్లీ ఇంజిన్ల మోత వస్తుంది చూడు, అది బ్యాంకర్లదే. నువ్వు దాన్ని 'ఆఖర్లో ఇంకో సర్‌ప్రైజ్' అని రాసి వదిలేశావు. అవి ఎందుకు ఉన్నాయో ఒక్క మాట చెబితే, సర్‌ప్రైజ్ పోదు, దానికొక కారణం వస్తుంది.

రెండో క్లిప్ ఇంకా బాగుంది. అందులో ఇంజిన్ మోత కంటే పెద్దగా ఒక హోరు వినిపిస్తోంది. అది దిగే బండి. దిగేటప్పుడు ఇంజిన్‌లోని మోటార్లే జనరేటర్లలా పనిచేసి చక్రాలను పట్టి ఉంచుతాయి. అలా పుట్టిన కరెంటును రెసిస్టర్లలో వేడిగా మార్చి గాలిలోకి వదిలేస్తారు. ఆ రెసిస్టర్లను చల్లబరిచే ఫ్యాన్లదే ఆ హోరు. కొండ ఎక్కే బండిది ఒక గొంతు, దిగే బండిది మరో గొంతు. రెండూ నీ దగ్గర రికార్డయి ఉన్నాయి. వ్యాసంలో మాత్రం రెండుచోట్లా 'రైలు గర్జిస్తూ వెళ్లింది' అనే రాశావు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రెండు క్లిప్పులూ విను. విన్న వెంటనే, వీడియో ఆపేసి, కాగితం మీద రాయి.

విశేషణాల సంగతి. అద్భుతం, మనోహరం, కనులపండుగ, మాటల్లో చెప్పలేం. ఇవి నీ వ్యాసంలో ప్రతి పేజీలోనూ ఉన్నాయి. 'పచ్చచీర కట్టిన కొండలు' కూడా ఉంది. ఇవన్నీ కొట్టేయి. మాటల్లో చెప్పలేనిది అనిపించిన చోటే ఆగి చెప్పడానికి ప్రయత్నించాలి, రాయడమంటే ఆ ప్రయత్నమే కదా.

నీ వ్యాసంలో నాకు నిజంగా ప్రాణమున్న చోటు ఒకటి కనిపించింది. దోణిగల్ దాటాక పట్టాలు మాయమైపోయాయని, మ్యాప్‌లో పక్కనే ఉన్నట్టు కనిపిస్తున్నా కారుకి దారి లేదని చిరాకు పడ్డావు. ఆ చిరాకును రెండు వాక్యాల్లో ముగించావు, అక్కడే ఇంకాసేపు నిలబడి రాయాల్సింది. రోడ్డు, రైలు ఒకే కొండని రెండు రకాలుగా దిగుతాయి. శిరాడి ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ తొందరగా కిందికి పోతుంది. రైలుకి అంత వాలు పనికిరాదు. అందుకే అది కొండల ఒంటిని అంటిపెట్టుకుని, అడ్డొచ్చిన ప్రతి కొండనీ తొలుచుకుంటూ, లోయల మీద వంతెనలు వేసుకుంటూ అడవిలోకి పోతుంది. అక్కడ 57 సొరంగాలు ఉన్నది అందుకే. ప్రయాణికుల రైళ్లకి ఆ 55 కిలోమీటర్లకి రెండు గంటలకు పైగా పట్టేదీ అందుకే. కారులో వెళ్లినవాడికి ఈ లైను రెండు కొసల్లోనే దొరుకుతుంది. మధ్యలో దొరకని అడవిని దొరకలేదనే రాయి. ఎడకుమేరి, కడగరవల్లి, సిరిబాగిలు అనే స్టేషన్ పేర్లు రాసి, వాటిని చూడలేకపోయామని చెప్పు. పాఠకుడు నిన్ను ఇంకా నమ్ముతాడు.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట. ఎవరూ లేని సమయం చూసి వంతెన మీదికి వెళ్లి తీశామని ఒక ఫొటో గురించి సంబరంగా రాశావు. ఆ పేరా, ఆ ఫొటో రెండూ తీసేయమని అడుగుతున్నాను. 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం ఒక్కటే కాదు నా భయం. వాన హోరులో, మలుపు చాటున, దిగే బండి దగ్గరికి వచ్చేదాకా తెలియదు. వంతెన మీద పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. నువ్వు క్షేమంగా వచ్చావు, సంతోషం. కానీ నీ వ్యాసం చదివి ఏ ఇంటర్ కుర్రాడో అదే వంతెన వెతుక్కుంటూ వెళ్తే? రాసేవాళ్లకి ఆ బాధ్యత ఉంటుందమ్మా. రోడ్డు పక్కన, లెవెల్ క్రాసింగ్ గేటు బయట, స్టేషన్ ప్లాట్‌ఫారం మీద దొరికే దృశ్యాలే నీకు చాలు. దోణిగల్ ఫొటో రోడ్డు మీంచి తీసిందే కదా, అన్నింట్లోకీ అదే మేలు.

ఇంకొకటి. నీ వ్యాసంలో పట్టాలున్నాయి, పట్టాలను కాపాడేవాళ్లు లేరు. 2024 జూలై చివర్లో ఎడకుమేరి, కడగరవల్లి మధ్య పట్టాల కింది మట్టికట్ట జారిపోయి ఆ దారిలో రైళ్లు చాలా రోజులు ఆగిపోయాయి. వానాకాలంలో ట్రాక్‌మన్‌లు లాంతరు, జెండాలు పట్టుకుని పట్టాల వెంట నడుస్తూ చూసుకుంటారు. 'రెయిన్‌కోటు వేసుకున్న ఒకాయన మాకు చేయి ఊపాడు' అని నువ్వు రాసింది బహుశా వాళ్లలో ఒకరి గురించే. పేరు అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు. ఆయన ఆ వానలో ఎందుకు నడుస్తున్నాడో రాయి చాలు.

మేట్టుపాళయం నుంచి ఊటీకి ఎక్కే నీలగిరి రైలు భాగంలో సమస్య వేరు. వివరాలన్నీ ఒకే పేరాలో కుప్పపోశావు. 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు, 1899, 1908, 2005లో యునెస్కో గుర్తింపు. అన్నీ సరైనవే, కానీ పరీక్షకు చదివినట్టుంది. ఏ వివరాన్నైనా రైలు దాన్ని దాటే చోట పెట్టు. రైలు కొండ మొదట్లో ఉన్న కల్లారు స్టేషన్ దాటగానే వాలు ఒక్కసారిగా 12.5కి 1 అవుతుంది. సకలేశపుర ఘాట్ కంటే నాలుగు రెట్లు! అక్కడి నుంచి పట్టాల మధ్యన పళ్ల పట్టా మొదలవుతుంది, ఇంజిన్ కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. ఇంజిన్ వెనక ఉండి పెట్టెలను పైకి తోస్తుంది. ప్రతి పెట్టెకీ ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు, ఇంజిన్ ఈలను బట్టి బ్రేకు వేస్తాడు. కూనూరుతో పళ్ల పట్టా అయిపోతుంది, ఆవిరి ఇంజిన్ తప్పుకుని డీజిల్ ఇంజిన్ వస్తుంది. 1899లో మేట్టుపాళయం నుంచి వచ్చిన లైను ఈ కూనూరులోనే ఆగింది, 1908లో గానీ ఊటీకి చేరలేదు. ఇంజిన్ మారుతుండగా ఈ మాట చెబితే ఆ రెండు సంవత్సరాలూ పాఠకుడికి గుర్తుండిపోతాయి.

మీరు మైసూరు, బండిపూర్ మీదుగా వెళ్లారు కాబట్టి ముందు ఊటీ, ఆ తర్వాత కూనూరు, చివరికి మేట్టుపాళయం చూశారు. రైలేమో పొద్దున 7.10కి మేట్టుపాళయంలో బయల్దేరి, దాదాపు ఐదు గంటలు కష్టపడి పైకి వస్తుంది. మీ దారి వరసలో రాశావు గనక కష్టమంతా తిరగబడిపోయింది. రైలు వరసలో తిరగరాయి. కారు రైలు కంటే ఎంతో ముందు చేరిపోతుంది కదా, ఆ మిగిలిన సమయాన్ని కూడా రాయి. కూనూరు ఘాట్ రోడ్డు మీది బుర్లియార్‌లో పండ్ల అంగళ్ల దగ్గర ఎదురుచూశామన్నావు. ఏం పండ్లు, ఎవరితో మాట్లాడావు, ముందు ఏం వినిపించింది? రైలు కోసం కాచుకున్న గంట రైలు దాటిన నిమిషం కంటే నాకు ముఖ్యం. నీలగిరి వెళ్లడానికి ఈ-పాస్ తీసుకోవడం, టోల్ గేట్లు, హోటల్లో గది దొరకక పడ్డ టెన్షన్ ఒక్క లైనుకి కుదించు.

డిసెంబరులో మన అరకు వైపు వెళ్తామన్నావు. చాలా మంచి ఆలోచన. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేసిన లైను అది. అంటే అరకు, బొర్రా దగ్గర నువ్వు చూడబోయేది సకలేశపురకి తలకిందులు. ఖనిజం నింపుకున్న బండ్లు కొండ దిగుతాయి, ఖాళీవి ఎక్కుతాయి. అక్కడ కథంతా బ్రేకులదే. వెళ్లిన మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉంచి, నోటుపుస్తకం పట్టుకుని ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని పైదాకా వెళ్లు. కారు మర్నాడు తీయొచ్చు.

అంతకంటే ముందు ఈ వ్యాసం తిరగరాసి పంపు. ఈసారి ఫొటోలు, వీడియోలు జత చేయకు.

ఆశీస్సులతో,
బాబాయ్