మేనరికం సంబంధానికి ముందు ఏ రక్తపరీక్షలు చేయించాలి?

మేనరికంలో ఒకే తాత లేదా అమ్మమ్మ నుంచి అదే జన్యులోపం ఇద్దరికీ సంక్రమించే వీలుంది కనుక, అందరూ అడిగే రక్తగ్రూపు కంటే ముందు తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య రక్తవ్యాధి) సంగతి తేల్చుకోవాలి. వాహకులు, అంటే ఆ లోపమున్న జన్యువును మోసేవారు, సాధారణంగా ఆరోగ్యంగానే కనిపిస్తారు; ఇద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్షలో (ఇది హిమోగ్లోబిన్ రకాలను విడిగా కొలుస్తుంది) హిమోగ్లోబిన్ ఎ2 అనే రకం సుమారు 3.5 శాతం దాటితే బీటా తలసీమియా వాహకులని అనుమానిస్తారు. ఇనుము లోపం ఉన్నవారిలో ఈ విలువ తగ్గి కనిపించవచ్చు కాబట్టి ఫెరిటిన్ (శరీరంలో ఇనుము నిల్వను తెలిపే పరీక్ష) కూడా చూడడం మంచిది. సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య వ్యాధి) కూడా హిమోగ్లోబిన్ రకాలను కొలిచే ఆ పరీక్షలోనే బయటపడుతుంది, మన్యం కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. వంశంలో పుట్టు చెవుడు వంటివి ఉంటే జన్యువైద్యుల సలహా విడిగా తీసుకోవాలి. ఇక హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు అమ్మాయికి మాత్రమే కాదు, అబ్బాయికీ అవసరమే. 2017 నాటి చట్టం ప్రకారం హెచ్‌ఐవీ పరీక్షకు ఆ వ్యక్తి సమ్మతి ఉండాలి.